మొదటి తల

క్యాంపు 41. చింతలగెడ్డ బడి. తలలు: 88.

వ్యాను లెక్క వ్యానే రాసుకుంటుంది. ఎన్ని తలలు, ఎన్ని సెకన్లు, ఎవరు కదిలారు, అంతే దానికి కావలసింది. దానికి చెప్పుకోలేనివి నేను ఈ పుస్తకంలో రాసుకుంటున్నాను. ఎవరి చేతికైనా చిక్కితే చదువుకోండి, నాకేం బెంగ లేదు.

పొద్దున్న ఏడింటికి చేరాం. వ్యాను ఆగీ ఆగకముందే పిల్లలు చుట్టూ మూగారు. దాలినాయుడు వాళ్లని వరసలో పెట్టాడు. వ్యాను తోలేది, ఏడ్చేవాళ్లని ఎత్తుకునేది, తల్లుల శాపనార్థాలు వినేది అతనే. నేను లోపల, తలలో ఏముందో బొమ్మ తీసే యంత్రం దగ్గర ఉంటాను. నా పనిలో సగం పిల్లల ఒంటి మీదవి తీయడమే. దుద్దులు, పట్టీలు, మొలతాడుకి కట్టిన వెండి బిళ్లలు, రాగి తాయెత్తులు, పిన్నీసులు. అయస్కాంతం ముందు లోహమన్నది ఉండకూడదు. ఒక్క పిన్నీసు మిగిలినా ఎగిరొచ్చి యంత్రానికి కరుచుకుంటుంది, ఇక ఆ రోజు పని గోవిందా. ఇవాళ ఒకడి జేబులో పదకొండు మేకులు దొరికాయి. ఎందుకురా అంటే బొంగరాలకి అన్నాడు. పదకొండు బొంగరాలు ఆడే మొహమేనా అది.

ఏ బడికి వెళ్లినా మేం అడిగే మొదటి మాట ఒకటే. మీలో కదలకుండా పడుకునేది ఎవరు? ఆ పిల్లకో పిల్లాడికో మెడలో బంతిపూల దండ వేసి, చేతిలో బెల్లం అచ్చు పెట్టి ముందు పడుకోబెడతాం. దాన్నే మొదటి తల అంటాం. ఎనిమిది నిమిషాలు యంత్రం ఆ తలని మూలమూలా చూస్తుంది. వెనకాల వచ్చేవాళ్లకి ఏడేసి సెకన్లు చాలు. వాళ్ల తలలో పదో వంతు చూసి, మిగిలిన తొమ్మిది వంతులూ మొదటి తలని బట్టి పూరించుకుంటుంది. ఒకే ఊరి నీళ్లు తాగిన పిల్లల తలలు ఒకేలా ఉంటాయని పెద్దవాళ్లు తేల్చారు. కదిలినవాళ్లకి ఆ పదో వంతు కూడా చెడుతుంది, బొమ్మంతా మొదటి తలదే అవుతుంది. అందుకని దండ కోసం పిల్లలు కొట్టుకుంటారు గానీ, మాకు కావలసింది బిగుసుకుని పడుకునేవాడు.

ఈ యంత్రం రాకముందు ఒక్కో పిల్లకి నలభై నిమిషాలు పట్టేది. మత్తిచ్చి పడుకోబెట్టేవాళ్లం. ఆ సూది వేసేది నేనే. ఒక పిల్ల లేవలేదు. దాని తల్లి నా చెయ్యి పట్టుకుని, ఇంకాసేపు పడుకోనీ అమ్మా, రాత్రి నిద్ర లేదు దానికి, అంది. ఆవిడకి తెలియదు మరి. అందుకే ఏడు సెకన్ల యంత్రాన్ని ఎవరు తిట్టినా నాకు ఒళ్లు మండుతుంది.

తెర మీద కనబడినా, జాబితాలో ఆఖరి పేరు అయ్యేదాకా ఒక్క బొమ్మ కూడా బయటికి రాదు. మధ్యలో ఆపితే అన్నీ చెరిగిపోతాయి. మొన్న గాలివానకి కరెంటు పోయి అరవై తలలు గంగలో కలిశాయి. ఇవాళ ఆ గొడవ లేదు. రెండు రోజుల్లో చీటీలు వస్తాయి. తల బాగుందని తెల్ల చీటీ వస్తే బడి. తలలో మచ్చ ఉందని బూడిద చీటీ వస్తే బస్సు వచ్చి కొండ అవతల పోషణాలయానికి తీసుకుపోతుంది. అక్కడ తిండి పెడతారు, పడుకోబెడతారు, ఏడాదికి ఒకసారి చూడనిస్తారు. ఊరికి ఒకటో రెండో బూడిదవి తగులుతూ ఉంటాయి.

మా హంసికి ఆరో ఏడు వచ్చింది. దాని బడి వంతు క్యాంపు 46. అది ఏడు సెకన్లు కాదు, ఏడు అంకెలు లెక్కపెట్టేదాకా కూడా ఒక చోట ఉండదు. వాళ్ల నాన్న పోయాక నాకున్నది అదొక్కతే. దానికి తెల్ల చీటీ రావాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

క్యాంపు 42. పూసర్లపేట. తలలు: 61.

సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. టీచరు సెలవులో ఉంది. మొదటి తల ఎవరని అడిగితే ఊరంతా ఒకటే పేరు చెప్పింది, నూకరత్నం. వాళ్ల నాయనమ్మ అసిరమ్మ తనే చంకనెత్తుకుని తెచ్చింది. ఆరేళ్ల పిల్లని చంకనెత్తుకోవడమేమిటని నాకు తట్టలేదు.

"మా గుంట కదల్దమ్మా. కూకోబెడితే కూకుంటాది, తొంగోబెడితే తొంగుంటాది. మొకం మీద ఈగ వాలినా తోలుకోదు" అంది ముసలావిడ మనవరాలిని చూపించి. ఎంత గర్వమో ఆ మొహంలో. ఆ ఇంటికి దండ రావడం అదే మొదటిసారట.

"ఇలాంటి పిల్ల బడికొక్కతె ఉంటే నా ప్రాణం హాయిగా ఉండును" అన్నాను నేను.

ఎనిమిది నిమిషాలూ ఆ పిల్ల రెప్ప ఆడించలేదు. నేను కదలికే చూశాను గానీ తెర మీది బొమ్మ చూడలేదు. ఇంత శుభ్రమైన మొదటి తల నాకు ఈ రెండేళ్లలో దొరకలేదు. దింపాక బెల్లం అచ్చు చేతిలో అలాగే పట్టుకుని నిలబడింది. తినమ్మా అంటే అప్పుడు తింది. మిగిలిన అరవై మందీ పదింటికల్లా అయిపోయారు. అసిరమ్మ మాకు చేపల పులుసు పెట్టింది. నాయుడు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి హంసి బల్ల మీద తల ఆన్చి పడుకుని ఉంది. పచ్చి మామిడికాయలు తిని వాంతి చేసుకుందట. రెండు తిట్లు తిట్టి మజ్జిగ పట్టాను.

క్యాంపు 43. ఆఫీసు రోజు. తలలు లేవు.

పూసర్లపేట చీటీలు వచ్చాయి. అరవై ఒకటికి అరవై ఒకటీ బూడిదవి.

మా పర్యవేక్షకుడు జోగారావు గారు కాగితం తిప్పి తిప్పి చూసుకున్నారు. "ఆ ఊరి నీళ్లే అంత. చూశావా పైడమ్మా, ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేకపోయారు. మన యంత్రం పట్టుకుంది" అన్నారు. ఆ సాయంత్రమే పైకి రాసేశారు, ఊరు మొత్తం పనికిరాదని కనిపెట్టిన క్యాంపు మనదేనని.

నేను బొమ్మలు తెరిచి చూశాను. మొదటి తలలో ఎడమ చెవి పైన గురిగింజంత తెల్ల మచ్చ ఉంది. రెండో తలలో అదే చోట అదే మచ్చ. పదో తలలో, నలభయ్యో తలలో, ఆఖరి తలలో కూడా అంతే. అరవై ఒక్కమంది పిల్లలకి ఒకే గురిగింజ ఎక్కడి నుంచి వస్తుంది?

నాయుడిని పిలిచి చూపించాను. అతను చదువుకున్నవాడు కాదు, అయినా ఒక్క చూపులో చెప్పేశాడు.

"అప్పా, అది ఆ గుంట మచ్చే. మనం అందరికీ అంటించేసినాం."

"నోర్ముయ్ నాయుడూ."

"మూసుకుంటాను. మూసుకుంటే మచ్చలు పోతాయేటి?"

ఉన్నదున్నట్టు పైకి రాయొచ్చు. మొదటి తలని ఎంచేది ఆపరేటరు కాబట్టి తప్పు ఆపరేటరుదే అవుతుంది. నన్ను ఆ రోజే వ్యాను దింపేస్తారు. హంసి బడికి ఇంకెవరో వెళతారు. వాళ్లు నూకరత్నం లాంటి పిల్లనే ఏరి పెడితే? హంసి చీటీ చేతికి రాగానే రాస్తాను. రేపు నేనే కాదనకుండా ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

క్యాంపు 44. బొరివంక బడి. తలలు: 70.

అసిరమ్మ వచ్చింది. పద్నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది. నేను ఒక పిల్ల పట్టీలు విప్పుతున్నాను, తల ఎత్తితే ఎదురుగా ఉంది.

"అమ్మా, నా గుంటకి బాగోదని నాకెరికే. పుట్టినకాడ్నించీ అంతే. దానికి బూడిద సీటీ ఇచ్చినారు, సరే, దాని రాత. మిగిలినోలికేటమ్మా? ఆలు సెట్లెక్కుతారు, అలల్లోకి దూకుతారు, నోరిప్పితే ఊరంతా ఇనబడతాది. ఆలకేటొచ్చినాది?"

"యంత్రం చూసి చెప్పిందమ్మా. అది అబద్ధమాడదు."

"యంత్రం మాటొగ్గీ. నువ్వేటి సూసినావో సెప్పు."

"నేను చూసేదేమీ ఉండదు. నా పని పడుకోబెట్టడం వరకే."

 ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "నా గుమ్మం మీద ఉమ్ముతున్నారమ్మా. దాన్ని ముందెట్టీసి ఊరి పిల్లల్ని నాశనం సేసినానంట. దండేస్తారంటే నానే ఎత్తుకొచ్చినాను కదా. ఈ పాపం నాదేనా?"

దీనికి జవాబు నాకు తెలుసు. నీది కాదమ్మా, నాది, అంటే చాలు. నాయుడిని పిలిచి, ఈవిడని బయటికి పంపించు, పని ఆగిపోతోంది, అన్నాను. ఇంత నీచానికి దిగుతానని నేను అనుకోలేదు. దిగాను. నాయుడు ఆవిడకి నీళ్లిచ్చి, తన అన్నం కారియరు ఇచ్చి, బస్సెక్కించి వచ్చాడు.

క్యాంపు 45. పూసర్లపేట, బస్సు డ్యూటీ. తలలు లేవు.

పేర్లు పిలవడం ఆపరేటరు పని. రెండు బస్సులు, అరవై ఒక్క పేర్లు. కొందరు పడవల కింద దాక్కున్నారు. పోలీసులు కాళ్లు పట్టి లాగారు. ఒక తల్లి నా దగ్గరికొచ్చి, దుప్పటి పెట్టమంటారా అమ్మా, అక్కడ చలేస్తుందా, అని అడిగింది. పెట్టమన్నాను. నాకేం తెలుసు అక్కడ చలేస్తుందో లేదో. ఒక పిల్లాడు కిటికీలోంచి నన్ను చూసి నాలుక బయటపెట్టాడు. బుర్ర పనిచేయనివాడు చేసే పనేనా అది?

నూకరత్నం ఎవరూ ఎత్తకుండానే ఎక్కింది. కూర్చోబెట్టిన చోట కూర్చుంది. అసిరమ్మ బస్సు దగ్గరికి రాలేదు, ఊరివాళ్లు రానివ్వలేదు.

క్యాంపు 46. టౌను మూడో నంబరు బడి. తలలు: 94.

హంసి బడి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఒకటే అన్నారు పెద్దలు. ఇవాళ వడ్డించేది నేనే.

వాళ్ల టీచరు మంగవేణి నవ్వుతూ ఎదురొచ్చింది. "మొదటి తలకి మీ హంసినే పెడదామండీ. ఈ నెల్లాళ్లుగా ఎంత నిమ్మళంగా ఉంటోందో. బల్ల మీద తల పెట్టుకుని కదలదు."

"హంసా? ఇంట్లో చూడాలి మీరు దాని వేషాలు. వద్దు, ఇంకెవరినైనా చూడండి" అన్నాను.

నేను ముందే ఏరి పెట్టుకున్నాను. శశాంక్ అని ఒక పిల్లాడు. పంతొమ్మిదో ఎక్కం వెనక నుంచి చెప్తాడు, కిందటేడు వచ్చిన వానల తేదీలు చెప్తాడు. పడుకోమంటే బాగానే పడుకున్నాడు. బొమ్మలో ఎక్కడా మచ్చ అన్నది లేదు. కడిగిన ముత్యమే.

హంసి వంతు వచ్చినప్పుడు చెవిలో చెప్పాను. "కదులు తల్లీ. కాళ్లు ఆడించుకో, తల తిప్పుకో. ఎవరూ ఏమీ అనరు."

"నిజంగానా అమ్మా? నువ్వు కదలొద్దంటావు కదా."

"ఇవాళ కదలమంటున్నాను."

అది తల అటూ ఇటూ తిప్పింది. తిప్పినప్పుడు నొప్పి అని మూలిగింది. పట్టించుకోలేదు నేను. తెర మీద కదిలింది అని ఎర్ర గుర్తు పడింది, యంత్రం అంతా శశాంక్ తలతో పూరించేసింది. నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. నాయుడికి కూడా బెల్లం అచ్చు ఇచ్చాను. తీసుకుని జేబులో వేసుకున్నాడు, తినలేదు.

ఎల్లుండి చీటీలు. అవి రాగానే పూసర్లపేట సంగతి రాసేస్తాను.

క్యాంపు 47. తలలు: 52.

తొంభై నాలుగూ తెల్లవే. కిందటేడు మాట రాదని టీచరు ఏడ్చిన పిల్లకి కూడా తెల్లదే. హంసి చీటీ దేవుడి పటం వెనక దోపాను.

పూసర్లపేట గురించి ఇంకా రాయలేదు. ఇప్పుడు రాస్తే హంసి చీటీ కూడా తిరగదోడతారు కదా. కొరివితో తల గోక్కోవడమే అవుతుంది.

హంసి పొద్దున్నే లేచి మళ్లీ వాంతి చేసుకుంది. ఈసారి మామిడికాయలు తినలేదు.

క్యాంపు 48. సెలవు పెట్టాను.

కుడి కన్ను పక్కకి పోతోంది. గ్లాసు అందిస్తే పట్టుకోలేక జారవిడుస్తోంది. నిన్న గుమ్మం దాటుతూ పడింది. పడ్డందుకు ఏడవలేదు, నేల మీదే పడుకుండిపోయింది. వాగుడుకాయ, పన్నెండు గంటల పాటు ఒక్క మాట మాట్లాడలేదు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు హంసిని చూడకముందే చీటీ చూశాడు. "పది రోజుల కిందటి తెల్ల చీటీ. తల శుభ్రంగా ఉంది. కడుపులో పురుగులై ఉంటాయి."

"కన్ను చూడండి డాక్టరు గారూ. నడక చూడండి. ఆ బొమ్మ సరిగ్గా రాలేదు, మళ్లీ తీయించండి, ఎనిమిది నిమిషాలది."

"చీటీ మూడేళ్లు చెల్లుతుందమ్మా. ఈలోపు మళ్లీ తీయడానికి మాకు అధికారం లేదు. పెద్ద యంత్రాలు అన్నీ విప్పేశారు కూడా. ఎనిమిది నిమిషాలు ఇప్పుడు ఎవరికి తీస్తున్నారు? క్యాంపుల్లో మొదటి తలకి తప్ప."

పురుగుల మందు రాసిచ్చాడు. ఆ సీసా పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మొదటి తలగా దీన్నే పెడదామన్న టీచరుని వద్దన్నది నేనే. దానికి కదలమని చెప్పింది నేనే. నా చేత్తోనే నా పిల్ల జబ్బు మీద ఇంకొకరి పిల్లాడి తల కప్పేశాను.

తిన్నగా జోగారావు గారి దగ్గరికి వెళ్లాను. పూసర్లపేట సంగతి, హంసి సంగతి, అన్నీ చెప్పేశాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"రాసిస్తావా? రాసియ్యి. విచారణ ఏడాది నడుస్తుంది. నీ పిల్లకి ఏడాది ఉందా?"

పురుగుల మందు సీసా ఆయన బల్ల మీద పెట్టాను.

"కొత్త బొమ్మ వస్తే పాత చీటీ చెల్లదు. అది రూలు. గెడ్డవలస క్యాంపు ఎల్లుండి. మొదటి తల ఎవరన్నది ఆపరేటరు ఇష్టం. అది నాకు తెలియనక్కర్లేదు" అన్నారు. నేను లేస్తుంటే, పూసర్లపేట గురించి ఇక మాట్లాడకు, అన్నారు.

క్యాంపు 49. గెడ్డవలస. తలలు: 74.

గెడ్డవలసలో డెబ్బై మూడు మందే. డెబ్బై నాలుగోది హంసి. కొత్తగా చేరిన పిల్ల అని టీచరు చేత జాబితాలో ఎక్కించాను.

దారిలో నాయుడు వ్యాను పక్కకి ఆపాడు. "అప్పా, అరవై ఒకటి అయిపోనాది. ఇప్పుడు డెబ్బై మూడా?"

"వాళ్లకేమీ కాకుండా నేను చూసుకుంటాను. కదలకుండా ఒక్కొక్కళ్లనీ పట్టుకుంటాను. కదలకపోతే వాళ్ల తల వాళ్లకి వస్తుంది."

"పదో వంతు కదేటి వొచ్చేది?"

"మరి నన్నేం చెయ్యమంటావు? చెప్పు. నువ్వు చెప్పింది చేస్తాను."

అతను హంసి వైపు చూశాడు. వెనక సీట్లో ఒంటి కంటితో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దానికి మాటలు రాకముందు నుంచీ ఎత్తుకుని తిప్పినవాడు. వ్యాను తీశాడు. ఊరు చేరాక హంసిని తనే ఎత్తి యంత్రంలో పడుకోబెట్టాడు.

టీచరు దండ వేసింది. ఎంత బుద్ధిమంతురాలో, మా వాళ్లూ ఉన్నారు ఎందుకూ, అంది. ఎనిమిది నిమిషాలు హంసి కదలలేదు. కదులు తల్లీ అని అరవాలనిపించింది. అరిస్తే బొమ్మ చెడిపోతుందని పెదవి కొరుక్కుని నిలబడ్డాను. తెర మీద నెమ్మదిగా వచ్చింది. తల వెనక భాగంలో, చింతగింజంత మచ్చ. నా పాత నౌకరీలో ఇలాంటివి చాలా చూశాను. కోసి తీసేస్తే బతికిన పిల్లలున్నారు. ఆలస్యమైతే లేరు.

ఇక్కడితో ఆపేయొచ్చు. ఆపితే ఆ బొమ్మ చెరిగిపోతుంది. నాయుడు తలుపు దగ్గర వరస పెట్టుకుని నిలబడ్డాడు. రెండో పిల్లని పంపమన్నాను.

డెబ్బై మూడు మందినీ నా చేతులతో పట్టుకున్నాను. రెండు చెంపలూ అదిమి, ఊపిరి బిగబట్టమని, కథలు చెప్పి, బతిమాలి, ఇద్దరిని కొట్టి కూడా కదలకుండా పడుకోబెట్టాను. పదింటికి అయ్యే పని నాలుగింటి దాకా సాగింది. ఒక్క ఎర్ర గుర్తు పడలేదు. నా సర్వీసులో అలాంటి క్యాంపు లేదు. దేవుడు నా మొహం చూసి కాకపోయినా ఆ పిల్లల మొహాలు చూసైనా కనికరిస్తాడనుకున్నాను.

ఆసుపత్రి. తలలు లేవు.

హంసి ఇప్పుడు నడవడం లేదు. భుజాన వేసుకుని తీసుకెళ్లాను. అదే డాక్టరు. ఎనిమిది నిమిషాల బొమ్మ ముందు పెట్టాను. ఈసారి శ్రద్ధగానే చూశాడు. తర్వాత గెడ్డవలస బొమ్మలన్నీ తెప్పించి గోడంతా పరిచాడు. డెబ్బై నాలుగు తలలు, డెబ్బై నాలుగు చింతగింజలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను పట్టుకున్న చెంపలన్నీ దండగే.

"ఒక్కరికే ఉంటే గడ్డ అనేవాణ్ణి. రేపే కోసేవాళ్లం" అన్నాడు. "డెబ్బై నాలుగు మందికి ఒకే చోట, ఒకే కొలతలో గడ్డలు లేస్తాయా? మీరే చెప్పండి. ఇది ఊరి లక్షణం. పూసర్లపేటలో ఇలాంటిదే బయటపడింది కదా. లక్షణానికి కత్తి పెట్టకూడదు."

జోగారావు గారు పూసర్లపేట గురించి అన్నదీ ఇదే కదా. నాకు ముందే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నాకు హంసి తల ఒక్కటే కనబడింది, గోడ మీద డెబ్బై నాలుగు ఉంటాయని కనబడలేదు.

"మాది గెడ్డవలస కాదండీ. ఆ క్యాంపు ఆపరేటర్ని నేనే. నా పిల్లని ఆ జాబితాలో నేనే ఎక్కించాను. ఆ మచ్చ నా పిల్లదొక్కదానిదే. మిగిలినవాళ్లకి అసలు లేదు, యంత్రం పూరించింది" అన్నాను. కాళ్లు పట్టుకున్నాను.

ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కోపంగా కూడా కాదు, జాలిగానే. "బస్సు వస్తుందంటే ప్రతి తల్లీ ఏదో ఒకటి చెబుతుందమ్మా. నిన్న ఒకావిడ తన పిల్లాడి బొమ్మ మారిపోయిందంది. మీ పిల్ల ఒక్కర్తే కాదుగా, తోడు ఉన్నారు. లేవండి."

బూడిద చీటీ అక్కడే ఇచ్చారు. హంసి తెల్ల చీటీ తీసుకుని చింపేశారు.

గెడ్డవలస, బస్సు డ్యూటీ. తలలు లేవు.

పేర్లు పిలవడానికి వేరే ఆపరేటరుని వేశారు. నేను తల్లులతో పాటు నిలబడ్డాను. ఇక్కడ ఎవరూ దాక్కోలేదు. పూసర్లపేటలో పోలీసులు కాళ్లు పట్టి లాగిన సంగతి విన్నారు కాబోలు.

హంసి నా భుజం మీద ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నా పక్కన నిలబడ్డావిడ దాని కాలి చెప్పు జారితే వంగి తొడిగింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినట్టుంది ఆవిడకి.

"ఏ ఈదమ్మా మీది? ఎప్పుడూ సూళ్లేదు."

"కొత్తగా వచ్చాం."

"పాపం, వొచ్చీ రాగానే ఇదా. మీ గుంట నడవలేదేటి?"

"లేదు."

ఆవిడ తన కొడుకుని ముందుకి లాగింది. ఏడేళ్లుంటాయి. మొన్న కదలకుండా ఉండమంటే నా వేలు కొరికినవాడు, తల మీద కొంగుతో ఉన్న నన్ను పోల్చుకోలేదు. పంటి గాటు ఇంకా ఉంది నాకు. "ఒరే బుల్లోడా, ఈ సెల్లి పక్కన కూకో. దాని సెయ్యి ఒగ్గకు. అన్నం తినిపించు. ఇనపడిందా?" అంది. వాడు తల ఊపి హంసి చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు.

వాడి తలలో ఏ మచ్చా లేదు. అది తెలిసింది ఆ తల్లుల్లో నాకొక్కదానికే. వాడిని ఈ బస్సెక్కిస్తున్నది నేనేనని ఆవిడతో అనడానికి నోరు తెరిచాను కూడా. అంటే ఆవిడ వాడి చేతిని హంసి చేతిలోంచి లాగేస్తుంది. లాగేయదూ మరి?

నేను అనలేదు. సల్లగుండు తల్లీ, అన్నాను. వాళ్లిద్దరినీ నాయుడు ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. బస్సు తొమ్మిదిన్నరకి కదిలింది.